నీలి అంచు కప్పు

"నాలుగు కప్పులతో పాటు కడిగితే ఆ కప్పుకేమన్నా కోపం వస్తుందా అమ్మా?" అంది అరాపెరా, సింకు ముందు నుంచి కదలకుండా.

"దానికి రాదు. నాకొస్తుంది. ఇలా ఇయ్యి."

"ఇవ్వను. పొద్దుట్నుంచి ఇదే గోల. అరవై మంది దాకా వస్తారంటోంది టెరీనా అత్త. మరాయె హాల్లో కప్పులు చాలవు, ఇంట్లో ఉన్నవన్నీ పట్టుకురమ్మంది. అన్నీ అంటే అన్నీ. నీ కప్పుకి వేరే పల్లకీ తెప్పించమంటావా?"

"అది మరాయెకి రాదు. మిగతావి పట్టుకెళ్ళు."

"పెచ్చులూడిన ఎనామిల్ కప్పు. దీన్నెవరెత్తుకుపోతారు?"

పిరిహిరా కూతురి చేతిలోంచి కప్పు లాక్కుని, దాని మీద మరిగే నీళ్ళు పోసి, తన తువ్వాలుతో తుడిచి, కిటికీ పక్కన మేకుకి తగిలించింది. ఆ మేకు కిందే ఇంకో మేకు. దానికి ఆవిడ తువ్వాలు. సొరుగులో ఎర్ర దారం కట్టిన చెంచా ఒకటి, ఫోర్కు ఒకటి. అవీ ఆవిడవే.

అరాపెరా ముప్ఫై అయిదేళ్ళ నుంచీ చూస్తున్న తంతే అది. భర్తతో పొసగక, ఆరేళ్ళ కూతురు వైమారీని వెంటబెట్టుకుని నాలుగు నెలల క్రితం పుట్టింటికి తిరిగొచ్చినప్పుడు, ఏమీ మారలేదని ముందుగా చెప్పింది ఆ కప్పే.

అమ్మకి మడి ఎక్కువని ఇంట్లో అందరికీ తెలుసు. గిన్నెలు తుడిచే గుడ్డ ఒంటి మీది బట్టలతో కలిపి ఉతకకూడదు, తల పెట్టుకునే దిండు మీద కూర్చోకూడదు, తిండి పెట్టే బల్ల మీద టోపీ పెట్టకూడదు. ఇవి ఏటి ముఖద్వారంలో ఉన్న ఆ ఇరవై ఇళ్ళలోనూ పాటించేవే. పిరిహిరా వాటి మీద నాలుగాకులు ఎక్కువ చదివింది, అంతే. ఆవిడ నాయనమ్మ పెద్ద వైద్యుడి కూతురు. ఆ రక్తం ఊరికే పోతుందా అనుకున్నారు. ఊరంతా కూడే చోటు మరాయె. అక్కడ పెళ్ళికైనా చావుకైనా ఆడవాళ్ళంతా వంటింట్లో కూరలు తరుగుతుంటే, ఆవిడ ఒక్కతే పరుపుల గదిలో దుప్పట్లు మడతపెడుతూ ఉండేది. ముక్కుకి ముక్కు ఆనించి ఊపిరి కలుపుకునే పలకరింపుల వేళ, "జలుబు చేసిందర్రా" అంటూ చెయ్యి మాత్రం చాపేది. ముప్ఫై తొమ్మిదేళ్ళ జలుబది. మొదట్లో కొందరు గౌరవించారు. తరవాత కొందరు పొగరన్నారు. ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు. అలవాటైపోయింది.

కప్పులన్నీ పాత వార్తాపత్రికల్లో చుట్టి అట్టపెట్టెల్లో సర్ది, అరాపెరా వాటిని వ్యాన్లో పెట్టడానికి బయటికెళ్ళింది. శనివారం మేనమామ రావిరి సమాధి రాయి మీద ముసుగు తీస్తారు. పోయి ఏడాదయింది. పిరిహిరా పెరట్లో దుప్పట్లు ఆరేసి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వంటింట్లోకొచ్చింది.

వైమారీ కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క కప్పు దాని చేతుల్లో ఉంది. పాలు తాగుతోంది. పై పెదవి మీద తెల్లటి మీసం.

బుట్ట కింద పడిపోయింది. పిరిహిరా ఒక్క అంగలో వెళ్ళి కప్పు లాగేసింది. పాలు పిల్ల గౌను మీద, నేల మీద చిమ్మాయి. పిల్లని రెక్క పట్టుకుని దించి, సింకు దగ్గరికి ఈడ్చి, దవడలు నొక్కింది.

"ఉమ్మెయ్యి. ఉమ్మెయ్యవే. మింగావా? ఎంత మింగావు?"

పిల్ల భయానికి ఏడవడం కూడా మరిచిపోయింది. నోట్లో నీళ్ళు కుక్కుతుంటే ఉక్కిరిబిక్కిరైంది. అప్పుడు మొదలెట్టింది ఏడుపు. అరాపెరా గుమ్మంలోకి వచ్చేసరికి కనిపించింది అదీ.

"వదులు దాన్ని. వదులమ్మా."

పిల్లని ఎత్తుకుని గట్టిగా అదుముకుంది. అరవలేదు.

"కుక్క మూతి పెట్టినట్టు చేశావు. నీ మనవరాలు నీ కప్పులో తాగితే నీకంత రోత."

"రోత కాదు."

"మరేంటి? నన్నెప్పుడైనా ముద్దు పెట్టుకున్నావా నువ్వు? నాకు గుర్తులేదు. అన్నయ్యకీ గుర్తులేదు, అడిగాను. జ్వరమొస్తే చేతికి తొడుగేసుకుని నుదురు తాకేదానివి. నాన్న పక్కగదిలో ఒక్కడే పడుకునేవాడు. ఒక్కడే పోయాడు. నీ మడి నువ్వే కట్టుకో, నాకొద్దు. శనివారం అయ్యాక నేనూ నా పిల్లా వెళ్ళిపోతాం. ఎక్కడికో ఒక చోటికి."

"రోత దాని మీద కాదే," అంది పిరిహిరా నేల మీది పాలు చూస్తూ. "నా మీద."

ఆవిడ అటక మీది టీ డబ్బా దించింది. అందులో టీ లేదు. రెండు కాగితాలున్నాయి. ఒకటి పసుపుపచ్చగా మారి, మడతల దగ్గర చిరిగింది. ఇంకోటి కొత్తది, పెద్దాసుపత్రి నుంచి వచ్చింది. అరాపెరా పిల్లని దించకుండానే చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"కాలేయంలో గడ్డ," అంది చివరికి. "మూడు సెంటీమీటర్లు. ఆక్లండ్ రమ్మన్నారు. వచ్చే గురువారం. ఇది వచ్చి మూడు వారాలైంది."

"అయింది."

"ఈ పాతదేంటి?"

"నాకు ఇరవై అయిదేళ్ళప్పటిది. బడి హాల్లో ఊరందరికీ రక్తం తీశారు. తెల్లకోటాయన పిలిచి, నీ ఒంట్లో హెపటైటిస్ బి ఉంది, నీకేం చెయ్యకపోయినా నీ నుంచి పక్కవాళ్ళకి పోతుందన్నాడు. పళ్ళు తోముకునే బ్రష్షు వేరే పెట్టుకో, తువ్వాలు వేరే పెట్టుకో, నెత్తురు ఎవరికీ తగలనీకు అన్నాడు. నేను కప్పు కూడా వేరే పెట్టుకున్నాను. చెంచా కూడా. ఆయన మర్చిపోయుంటాడని నేనే కలుపుకున్నాను."

"ఇది మడి కాదా," అంది అరాపెరా. అది ప్రశ్నలా లేదు.

"మీరు మడి అనుకున్నారు. నాకదే బాగుందనిపించింది."

ఆ మధ్యాహ్నమే అరాపెరా పిలిస్తే నర్సు కహు వచ్చింది. ఎగువ లోయలో వాళ్ళమ్మాయి, ముప్ఫై ఏళ్ళుంటాయి. బూట్లు గుమ్మం బయట విడిచి, సాక్సులతో లోపలికొచ్చి, పిరిహిరా చాపిన చెయ్యి పట్టుకుని, ఊరుకోకుండా ముందుకి వంగి ముక్కుకి ముక్కు ఆనించింది. పిరిహిరా వెనక్కి జరిగింది.

"మీకు తెలియదేమో. నాకు..."

"తెలుసు ఆంటీ. అందుకే వచ్చాను."

కాగితాలు రెండూ చూసింది. గడ్డ చిన్నది, కోసి తీసెయ్యొచ్చు, అదృష్టం అంది. మనవాళ్ళకి ఇంత చిన్నగా ఉన్నప్పుడు దొరకడమే అరుదంది. తెల్లవాళ్ళకంటే మనలో ఈ జబ్బు ఎన్నో రెట్లెక్కువ, దొరికేది మాత్రం ఆలస్యంగా అని చెప్పింది.

"పట్నం డాక్టరు అడిగాడు, రోజుకి ఎంత తాగుతారూ అని," అంది పిరిహిరా. "ఆరు కప్పులన్నాను. మద్యమనుకుని రాసేసుకుంటున్నాడు. టీ బాబూ అన్నాను. నవ్వి, అయినా కొట్టెయ్యలేదు."

కహు నవ్వలేదు. వంటింట్లో మేకుకి వేలాడుతున్న కప్పుని అప్పుడే గమనించినట్టుంది. అరాపెరా పొద్దున జరిగినదంతా చెప్పింది. కహు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఆంటీ, ఒకటి చెప్తాను, నెమ్మదిగా వినండి. ఇది కప్పుల వల్ల రాదు. చెంచాల వల్ల రాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. నెత్తురు వల్ల వస్తుంది. పురిట్లో తల్లి నుంచి బిడ్డకొస్తుంది. పసిపిల్లల పుండ్ల నుంచి పుండ్లకొస్తుంది. భార్యాభర్తల మధ్య వస్తుంది. అంతే."

"ముక్కు ముక్కు ఆనిస్తే?"

"రాదు."

"ఏడిచే పిల్లాడి కళ్ళు తుడిస్తే?"

"రాదు ఆంటీ."

"ముద్దు పెట్టుకుంటే? నుదుటి మీద?"

"ఎక్కడ పెట్టుకున్నా రాదు."

పిరిహిరా తల ఊపింది. ఒళ్ళో ఉన్న రెండు చేతుల్నీ తిప్పి అరచేతులు చూసుకుంది. ఏటి మీద ఎవరిదో పడవ ఇంజను దగ్గుతూ పోయింది.

"మరి చెయ్యవలసిందేంటి?"

"ఆరునెలలకోసారి రక్తం చూపించుకోవడం. ఇక్కడే రాసుంది, కిందిపక్క."

"రెండుసార్లు వెళ్ళాను. తరవాత ఆ డాక్టరు ఊరొదిలి పోయాడు. కొత్తాయన నా కాగితాలు దొరకలేదన్నాడు. ఆ తరవాతొచ్చినాయన నిక్షేపంలా ఉన్నావు పొమ్మన్నాడు. నిక్షేపంలా ఉన్నానుగా, వచ్చేశాను." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. లెక్క తప్పిన చోటు వెతుక్కుంటున్నట్టుంది. "అక్కర్లేనివన్నీ ఒక్కరోజు కూడా మానకుండా చేశాను. అవసరమైనది మాత్రం చెయ్యలేదు."

"మిమ్మల్ని పిలవాల్సింది వాళ్ళు ఆంటీ. ఎవరూ పిలవలేదు." కహు సంచీ లోంచి పుస్తకం తీసింది. "అరాపెరా పుట్టేసరికి బిడ్డలకి సూది వేస్తున్నారు, తనకి భయం లేదు. అయినా చూద్దాం. పెద్దబ్బాయి హోహెపాకి ఎన్నేళ్ళు?"

"నలభై రెండు."

"తనకి పరీక్ష చేశారా ఎప్పుడైనా? చెయ్యకపోతే ఇప్పుడు చెయ్యాలి. ఉందని ముందే తెలిస్తే మందులున్నాయి. తెలియకపోతేనే..." ఆ మాట పూర్తి చెయ్యకుండా కొత్త కాగితం వైపు చూసింది.

పిరిహిరా లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. వాళ్ళకి వీపు పెట్టి చెప్పింది. పెద్దవాళ్ళ రక్తం తీసిన మూడు వారాలకి పిల్లల్ని తీసుకురమ్మన్నారు. హోహెపాకి మూడో ఏడు. భుజాన వేసుకుని బడి గుమ్మం దాకా వెళ్ళింది. వరసలో అత్తగారుంది, ఊరంతా ఉంది. తనకి పడిన ముద్ర కొడుక్కి కూడా అందరి ముందూ పడుతుందనిపించింది. పిల్లాడికి జ్వరమని చెప్పి, వెనక గుమ్మం నుంచి ఇంటికొచ్చేసింది. మళ్ళీ ఎవరూ అడగలేదు.

"ఆ రోజు దాచాను వాణ్ణి. తరవాత నా కప్పు దాచాను. ఆ తప్పుకి ఈ కప్పు సరిపోతుందనుకున్నాను."

సాయంత్రం వైమారీ నేల మీద బొమ్మలేసుకుంటోంది. పిరిహిరా నీలి అంచు కప్పు నిండా పాలు పోసి, దాని ముందు కూర్చుని చాపింది. పిల్ల కప్పునీ అమ్మమ్మనీ మార్చి మార్చి చూసింది. తరవాత తల్లి వైపు తిరిగింది.

"తాగి ఉమ్మెయ్యాలా అమ్మా?"

అరాపెరా మొహం తిప్పుకుంది. పిరిహిరా కప్పు అక్కడే నేల మీద పెట్టి లేచింది. పొద్దు పోయాక చూస్తే పాల మీద మీగడ కట్టి ఉంది. ఎవరూ తాగలేదు.

హోహెపా శుక్రవారం పొద్దెక్కాక వచ్చాడు. దుంగల లారీ తోలుతాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మూడు బస్తాల ఆల్చిప్పలు వ్యాన్లోంచి దింపి మరాయె వంటింటి వెనకాల కుమ్మరించాడు.

"ఏమే, ఇంకా పుట్టింట్లోనే తింటున్నావా?" అన్నాడు చెల్లెల్ని చూసి.

"నువ్వొచ్చి తినేదాని కన్నా తక్కువేలే."

"నా భుజాలు చూశావా? వీటికి మేత కావాలి." తల్లి వైపు తిరిగి, అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు. పిరిహిరా ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. అతను కొంచెం ఆశ్చర్యంగా ఆ చేతి వైపు చూశాడు.

ఆల్చిప్పలు ఒలవడానికి తల్లీ కొడుకులిద్దరూ తిరగేసిన డబ్బాల మీద కూర్చున్నారు. పిరిహిరా కత్తి పట్టుకోలేదు. ఒలిచినవి కడుగుతోంది. చెప్పవలసినదంతా ఆ పని మధ్యలోనే చెప్పింది. గడ్డ గురించి, కప్పు గురించి, బడి గుమ్మం గురించి. హోహెపా చేతులు మొదట ఆగలేదు. బడి గుమ్మం దగ్గర ఆగాయి.

"అంటే నాకూ ఉందంటావు."

"ఉండొచ్చంటున్నాను. ఆదివారం పొద్దున్న కహు వస్తానంది. ఒక్క సూదిపోటు నాయనా."

"ఆదివారం పొద్దున్నే నేను లారీ ఎక్కాలి."

"ఒక్క రోజు..."

"మామయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే కదా. గుర్తుందా? ఆయన పచ్చగా పండిపోయి కుర్చీలో పడున్నాడు. ఆయన్ని అడిగిన మొదటి మాటేంటో తెలుసా? ఎన్ని సీసాలు తాగుతావని. ప్రార్థన చెప్పే మనిషి. జీవితంలో బీరు వాసన చూడని మనిషి. తాగనంటే, పక్కకి తిరిగి నన్నడిగారు, నిజమేనా అని. ఆరు వారాలకి పోయాడు. అక్కడికి నన్ను పొమ్మంటావు."

"మీ మామయ్యకి ఆలస్యమైంది. నీకు కాకూడదని..."

"ఎందుకాలస్యమైంది?" అతను కత్తి డబ్బా మీద పెట్టాడు. "నీకు తెలుసుగా. ఒకే తల్లి కడుపున పుట్టారు. అమ్మమ్మ కూడా కడుపుబ్బి నలభై తొమ్మిదికే పోయింది. నీకు ఇంత తెలిసి, ఆయన కుర్చీలో పడున్నప్పుడు కూడా నోరు విప్పలేదు."

"విప్పలేదు."

"నేను బడిలో పడి మోకాలు చీరుకొస్తే, నువ్వు పొరుగింటావిణ్ణి పిలిచి కట్టు కట్టించావు. నేను గుమ్మంలో నిలబడి నీ మొహం చూస్తున్నాను, ఒకసారి దగ్గరికి తీసుకుంటావేమోనని. ఏడేళ్ళు నాకు. నాలో ఏదో లోపముంది, అందుకే అమ్మ ముట్టుకోదనుకున్నాను. ఇన్నేళ్ళకొచ్చి, లోపం నిజంగానే ఉందేమో, సూదితో చూద్దాం రమ్మంటున్నావు."

"హోహెపా."

"నాకు తెలియనంత వరకూ నాకు లేనట్టే. ఇన్నాళ్ళూ నువ్వు నేర్పింది అదే."

అతను ఏటి గట్టు వైపు వెళ్ళిపోయాడు. పిరిహిరా డబ్బా మీదే కూర్చుంది. లోపల్నుంచి ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి. ఎవరో ఎవరి మొగుణ్ణో ఆటపట్టిస్తున్నారు. ఆవిడ కాసేపటికి కొడుకు వదిలేసిన కత్తి తీసుకుంది. వేలు తెగి నెత్తురొస్తే ఎలా అన్న భయం చేతిని ఆపింది. అది మాత్రం ఉండవలసిన భయమే. లేచి వెళ్ళి తొడుగులు తెచ్చుకుని, మిగిలిన బస్తాన్నర ఒక్కతే ఒలిచింది.

శనివారం గాలి లేదు. కొండ మీది శ్మశానంలో రావిరి రాయి మీద కప్పిన ఈకల శాలువా తీశారు. నల్లరాతి మీద ఆయన ఫొటో, చేతిలో ప్రార్థన పుస్తకంతో నవ్వుతోంది. భార్య టెరీనా రాయిని నిమిరింది. ఏడాది నుంచీ ఆవిడ ఏ పెళ్ళికీ, ఏ పాటల సభకీ వెళ్ళలేదు. దుఃఖమనుకున్నారు అందరూ. దిగేటప్పుడు గేటు దగ్గర కుళాయి కింద ఒక్కొక్కరే చేతులు కడుక్కుని, తల మీద నీళ్ళు చల్లుకున్నారు. హోహెపా తల్లి కంటే పదిమంది ముందున్నాడు. వెనక్కి చూడలేదు.

కొండ దిగాక భోజనం చేస్తేనే మైల విడుస్తుంది. నేలపొయ్యి లోంచి తీసిన మాంసం, చిలగడదుంపలు, ఆల్చిప్పలు, పంది ఎముకలతో ఉడికించిన ఆకుకూర, ఆవిరి మీద వండిన తియ్యరొట్టె బల్లల మీదికొచ్చాయి. పిరిహిరా పరుపుల గదికి పోలేదు. బల్ల చివర కూర్చుంది. పక్కన రెండు కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. ఆవిడ పక్కన కూర్చునే అలవాటు ఎవరికీ లేదు.

ఎదుటి బల్ల దగ్గర రావిరి చిన్ననాటి స్నేహితుడొకాయన ఎముక చీకుతూ అన్నాడు. "మంచి మనిషి. ఆ సీసా ఒక్కటీ చాటుగా ముట్టకపోయుంటే ఇంకో ఇరవై ఏళ్ళు ఉండేవాడు."

"చాటుగా అని ఎవరన్నారు?" అన్నాడు పక్కాయన.

"కాలేయం మరి. ఊరికే పోతుందా?"

టెరీనా టీ కెటిల్ పట్టుకుని ఆ బల్ల వెనకాలే నిలబడి ఉంది. ఆవిడ మొహంలో ఏమీ కదల్లేదు. ఎన్నిసార్లో విన్న మాట కాబోలు. చేతిలో కెటిల్ మాత్రం కొంచెం వంగి, టీ నేల మీద బొట్లు బొట్లుగా పడుతోంది.

పిరిహిరా లేచి నిలబడింది. అరవై మంది తింటున్న గదిలో ఆవిడ లేవడం ముందు అరాపెరా ఒక్కతే చూసింది. తరవాత ఒక్కో బల్లా మాటలాపింది.

"రావిరి తాగింది టీయే," అంది పిరిహిరా. గొంతు పెద్దది చెయ్యలేదు. "చాటుగా కూడా టీయే. మా అమ్మ మా ఇద్దరికీ పురిట్లో ఒక జబ్బిచ్చింది. ఇచ్చినట్టు ఆవిడకి తెలియదు. హెపటైటిస్ బి అంటారు. దానితోనే ఆవిడ పోయింది, దానితోనే నా అన్న పోయాడు. ఇప్పుడది నాలో గడ్డ కట్టింది. గురువారం ఆక్లండ్ వెళ్తున్నాను. కోసి తీస్తారు."

ఎవరి చెంచానో కంచానికి తగిలింది.

"నాకు ఇరవై అయిదేళ్ళప్పుడే తెలుసు. చెప్పలేదు. నా కప్పు మడి కాదు. భయం. కప్పుతో రాదట, నాకు ఈ బుధవారం తెలిసింది. మిమ్మల్ని ముట్టుకోకుండా కాపాడుతున్నాననుకున్నాను. చెప్పుంటే కాపాడేదాన్ని." బల్లలన్నిటి వైపూ చూసింది. "రేపు పొద్దున్న నర్సు ఇక్కడికొస్తుంది. రావిరి పిల్లలు, వాళ్ళ పిల్లలు, మిగతా అందరూ ఒక్క సూదిపోటు పొడిపించుకుని వెళ్ళండి. బతిమాలుకుంటున్నాను. నాకు ఇంకేమీ అక్కర్లేదు."

కూర్చుంది. గది నిండా మనుషులున్నా ఆవిడ చుట్టూ ఉన్న ఖాళీ ఇంకా పెద్దదైనట్టనిపించింది. ఎదుటి బల్ల ముసలాయన కంచం వైపు చూస్తున్నాడు. టెరీనా నడిచి వచ్చింది.

"ఏడాది పిరీ. ఏడాది పాటు ఆ మాట నన్ను మోయనిచ్చావు. రాత్రుళ్ళు నేను కూడా అనుకున్నాను, నాకు తెలియకుండా తాగాడేమోనని. నా మనిషిని నేనే అనుమానించాను."

"అవును వదినా."

"నిన్ను క్షమించానని ఇప్పుడు చెప్పలేను."

"చెప్పొద్దు."

టెరీనా బల్ల మీద వరసగా బోర్లించి ఉన్న తెల్ల కప్పుల్లోంచి ఒకటి తీసింది. ఏదో ఒకటి, చేతికందింది. టీ పోసి పిరిహిరా ముందు పెట్టింది. తను పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తాగు. మైల విడవాలి."

పిరిహిరా రెండు చేతులతో కప్పు ఎత్తింది. వేడికో మరి దేనికో కళ్ళు నిండాయి. రెండో గుక్కకి కప్పు పక్కన పెడుతుంటే, వైమారీ బల్ల కింద నుంచి దూరి వచ్చి, రెండో ఖాళీ కుర్చీ ఎక్కి, ఎవరినీ అడక్కుండా ఆ కప్పు దగ్గరికి లాక్కుని, ఒక గుటక వేసి, చేదుగా ఉందని మొహం పెట్టింది. మింగేసింది. అమ్మమ్మ చెయ్యి గాల్లో లేచి, ఆగి, నెమ్మదిగా ఆ పిల్ల వీపు మీద వాలింది. అక్కడే ఉండిపోయింది.

వంటింటి గుమ్మంలో హోహెపా నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా సబ్బు నురగ, ముందు తడి ఏప్రను. అతను తల్లిని చూడలేదు. ఆ పిల్ల వీపు మీద ఉన్న చేతినే చాలాసేపు చూశాడు. తరవాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, అందరికీ వినబడేలా, అయినా తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"రేపు నేను లారీ ఎక్కట్లేదు. నర్సు రాసుకునే కాగితంలో మొదటి పేరు నాది."